విప్పి చూడని మూట

గడచిన మాసమున ఈ శీర్షిక క్రింద ఇంటి దస్తావేజులను, పిల్లల సర్టిఫికెట్లను, వైద్యుల చీటీలను పెట్టెలో నెట్లు సర్దుకొనవలయునో ముచ్చటించితిని. దానిని చదివి యొక సోదరి యిట్లు వ్రాసినది: "అమ్మా, మీరు చెప్పిన కాగితములు మా యింట నిప్పుడు పెట్టెలో లేవు. అన్నియు కంప్యూటరులో నున్నవి. అందు విండోసును లినక్సును రెండును గలవు. దానికి మాఱుప్రతి తీసియుంచుకొనుట యెట్లు? ఖర్చు లేని మార్గ మేదైన నున్నచో తెలుపుడు."

ఆ జాబు చదివి కొంతసేపు మాటాడలేకపోతిని. ఏలయన ఈ పనిలోనే నేనొక తప్పు చేసి, మఱల సంపాదింపరాని వస్తువును పోగొట్టుకొన్నదానను. తన తప్పును దాచుకొని యితరులకు బుద్ధి చెప్పుట న్యాయము కాదు. కావున ముందుగా ఆ తప్పునే చెప్పి, పిమ్మట మార్గమును చెప్పెదను.

మా యింట జరిగినది

నా చదువంతయు మా నాయనగారి యొద్దనే జరిగినది. వారికి కనుచూపు మందగించిన పిమ్మట, కవిత్రయ భారతమునందలి పదునెనిమిది పర్వముల కథను, ముఖ్యమగు పద్యముల యర్థమును నోట చెప్పుచుండగా, నేను వారి ప్రక్కన గూర్చుండి సెల్‌ఫోనులో రికార్డు చేసితిని. పర్వమున కొక్కటిగా పదునెనిమిది రికార్డు లైనవి. ఆ ఫోను పాతబడినప్పుడు వానిని మా ల్యాప్‌టాపులోనికి మార్చి, ఫోనును మారకమున కిచ్చివేసితిమి. తరువాత కొలది కాలమునకు నాయనగారు గతించిరి.

మా వారు ఉపాధ్యాయులు. వారి మార్కుల పట్టికలు, ప్రశ్నపత్రములు విండోసులో నుండును. పిల్లలు చదువుకొనుటకు లినక్సును వాడుదురు. రెండును ఆ యొక్క ల్యాప్‌టాపులోనే కలవు. 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 నకు మైక్రోసాఫ్టువారి సాధారణ పోషణ ముగిసినది. మా యంత్రము పాతది. విండోస్ 11 నకు తగినది కాదు. కావున విండోసునకిచ్చిన చోటును తగ్గించి, లినక్సు చోటును పెంచుకొందమని తలచితిమి.

మా మఱది యీ పని తెలిసినవాడు. "వదినా, డిస్కులోని భాగములను కదపుటకు ముందు మాఱుప్రతి తీయుడు. నడుమ నేమి జరిగినను మనకు దిగులుండదు" అని చెప్పెను. నేనును సరేయని, రాత్రి భోజనములైన పిమ్మట బయటి డిస్కు నొకదానిని తగిలించి, టెర్మినలు తెఱచి, ఆజ్ఞ వ్రాసి నిద్రపోయితిని. తెల్లవారి మా యమ్మాయి బడికి పోవు తొందరలో ఆ తెరను మూసివేసినది. నేను డిస్కును చూడగా మూట కనబడినది. దాని పరిమాణము నాలుగు గిగాబైట్లని చూపుచున్నది. అంత పెద్ద మూట యుండగా సందేహమేల యని తృప్తిపడితిని. దానిని విప్పి చూడలేదు.

ఆ యాదివారమునాడు భాగములను కదపుచుండగా కరెంటు పోయినది. ముసలి బ్యాటరీ అయిదు నిమిషములైనను నిలువలేదు. విండోసు భాగము చెడినది. తెలిసినవారికి చూపితిమి గాని ఫలము లేకపోయినది. "పోనిండు, మూట యున్నది గదా" యని విప్పితిని. ఆదిపర్వము మొదలు ఆశ్రమవాసపర్వము వఱకు పదునైదును క్షేమముగా వచ్చినవి. పదునాఱవదియగు మౌసలపర్వము సగములో తెగినది. మహాప్రస్థానికమును, స్వర్గారోహణమును మూటలో లేనేలేవు. యాదవుల కథ చెప్పుచున్న నాయనగారి గొంతు ఒక మాట నడుమ నాగిపోవును. ఆ తరువాతి మాట యేదో నాకు జ్ఞాపకము లేదు.

కారణమును పిమ్మట తెలిసికొంటిని. నా బయటి డిస్కు ఫ్యాట్32 అను పాత పద్ధతిలో సిద్ధపఱుపబడినది. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4,294,967,295 బైట్లకు, అనగా నాలుగు గిగాబైట్లకు ఒక్క బైటు తక్కువకు, మించి పెరుగజాలదు. నా మూట ఆ హద్దునకు వచ్చి యాగినది. ఫైలు మితిమీఱినదని తెరమీద హెచ్చరిక వచ్చియే యుండును, చూచువారు లేరు. నన్ను తృప్తిపఱచిన ఆ నాలుగు గిగాబైట్ల పరిమాణమే నిజమునకు ఆపదకు గుఱుతు.

ఒకే యింట రెండు కాపురములు

ఇక మార్గమును చెప్పెదను. రెండు వ్యవస్థలు గల కంప్యూటరు ఉమ్మడి యింటివంటిది. ఒకే డిస్కును గోడలు పెట్టి అఱలుగా విభజింతురు. ఒక యఱలో విండోసు, మఱియొక యఱలో లినక్సు కాపురముండును. ఇవిగాక, క్రొత్త యంత్రములలో ఈఎఫ్‌ఐ యను చిన్న యఱ యొకటి యుండును. యంత్రమును మేల్కొల్పు కార్యక్రమములు అందుండును. వాకిట గ్రబ్ అను ద్వారపాలకుడు నిలిచి, "ఏ యింటికి పోయెద?" రని యడుగును.

ఈ యిద్దఱి యాచారములు వేఱు. విండోసు తన వస్తువులను ఎన్‌టీఎఫ్‌ఎస్ అను పద్ధతిలోను, లినక్సు సామాన్యముగా ఎక్స్‌ట్4 అను పద్ధతిలోను భద్రపఱచును. లినక్సు విండోసు అఱను చదువగలదు. విండోసు మాత్రము సహజముగా లినక్సు అఱను చదువజాలదు. అందుచేత మాఱుప్రతి తీయు పని లినక్సు వైపునుండి చేయుట సుకరము. కాని రెండు కాపురములకును ఒకే మూట చాలునని యనుకొనరాదు. దేనికేది కావలయునో వేఱువేఱుగా నిర్ణయించుకొనవలయును.

టార్ అను పనిముట్టు

లినక్సునందు మూటగట్టు పనిముట్టునకు టార్ అని పేరు. అది క్రొత్తది కాదు. 1979వ సంవత్సరమున యునిక్సు ఏడవ కూర్పుతో వెలువడినది. ఆ కాలమున మాఱుప్రతులను అయస్కాంతపు టేపులమీద వ్రాసెడివారు. టేపు భాండాగారమను నర్థము గల యింగ్లీషు మాటల కుదింపే ఆ పేరు. నేటికిని అది ప్రతి లినక్సులోను ఉచితముగా లభించును. 2018 నుండి విండోస్ 10 నందును టార్ చేర్పబడినది.

మన పెద్దలు తాటాకు గ్రంథమును కట్టిన తీరు జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఆకులన్నిటికిని రంధ్రము చేసి, వరుస తప్పకుండ త్రాట గ్రుచ్చి, పైనను క్రిందను చెక్కలు పెట్టి కట్టెడివారు. టార్ చేయునదియు నదియే. వేల ఫైళ్లను, వాని పేర్లను, తేదీలను, హక్కులను, అవి యుండిన ఫోల్డర్ల వరుసను చెడగొట్టక ఒక్క ఫైలుగా గ్రుచ్చును. అంతియే గాని పరిమాణమును తగ్గింపదు. నొక్కి చిన్నదిగా చేయుపని జీజిప్ అను మఱియొక పనిముట్టుది. దానిని జాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లరు అనువారు రచించి 1992లో వెలువరించిరి. వ్రాతపత్రములు దీనిచే చక్కగా నణగును. ఫోటోలు, పాటలు మున్నగునవి ముందే నొక్కబడినవి. పిండి యారవేసిన బట్టను మఱల పిండినట్లు, వానిని జీజిప్‌చే నొక్కినను ప్రయోజనము స్వల్పము.

ఆజ్ఞ వ్రాయు క్రమ మిది. మొదట 'టార్' అను మాట. కొంచెము ఎడముంచి యొక అడ్డుగీత. దాని నంటి సి, జెడ్, ఎఫ్ అను మూడింగ్లీషు అక్షరములు. 'సి' యనగా మూట గట్టుము. 'జెడ్' అనగా జీజిప్‌చే నొక్కుము. 'ఎఫ్' అనగా దీని తరువాత వచ్చునది మూట పేరు. పిమ్మట మూట పేరు. ఆ తరువాత మూటలో పెట్టవలసిన ఫోల్డర్ల పేర్లు. 'వి' యను నక్షరమును కూడ చేర్చినచో కట్టుచున్న ప్రతి ఫైలు పేరును తెరమీద చూపును.

ఈ వరుసలోనే గొప్ప ప్రమాదము కలదు. ముందు మూట పేరు, పిదప సామాను పేర్లు. దీనిని తాఱుమాఱు చేసినచో, మీరు కాపాడదలచిన ఫైలునే మూట పేరుగా భావించి, దానిపై వ్రాసి నాశము చేయును. ఆ పేరుతో పాత మూట యున్నను అడుగక చెఱిపి క్రొత్తది కట్టును. కావున ప్రతి మూట పేరునందును తేదీని చేర్చుడు. సామాను పేరే యీయనిచో మాత్రము, శూన్యమగు మూటను కట్టుటకు పిఱికితనముచే నిరాకరించుచున్నానని తెరమీద చెప్పును. నేనది మొదట చూచినప్పుడు నవ్వుకొంటిని. ఈ విషయమున మనమును కొంచెము పిఱికితనము నేర్చుకొనుట మంచిదే.

కట్టుటకు ముందు

మొదటిది: విండోసును పూర్తిగా ఆర్పవలయును. విండోసు త్వరగా మేల్కొనుటకై, ఆర్పినప్పుడు నిజముగా ఆఱిపోక సగము నిద్రలో నుండు నేర్పాటు గలదు. ఆ స్థితిలో దాని యఱను లినక్సునుండి కదపరాదు. షిఫ్టు మీటను నొక్కి పట్టుకొని ఆర్పినచో ఆ యొక్కసారి పూర్తిగా ఆఱును. లేదా సెట్టింగులలో ఆ త్వరిత ప్రారంభమును శాశ్వతముగా తీసివేయవచ్చును. పిమ్మట లినక్సునందు విండోసు అఱను 'చదువుటకు మాత్రమే' యని తెఱచుట క్షేమము.

రెండవది: విండోసు అఱకు బిట్‌లాకరు తాళమున్నదేమో చూడుడు. ఉన్నచో దాని పునరుద్ధరణ సంఖ్య 48 అంకెలు గలది. దానిని కాగితముమీద వ్రాసి బీరువాలో నుంచుడు. ఆ సంఖ్యను కంప్యూటరులోనే దాచుట, తాళపుచెవిని పెట్టెలో నుంచి పెట్టెకు తాళము వేయుటవంటిది.

మూడవది: బయటి డిస్కు పద్ధతిని చూడుడు. ఫ్యాట్32 అయినచో నా గతియే పట్టును. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ట్4 పద్ధతులలో ఆ నాలుగు గిగాబైట్ల హద్దు లేదు. పద్ధతిని మార్చినచో అందలి వస్తువులన్నియు తుడిచిపెట్టుకొని పోవునని మఱవకుడు. మార్చుటకు వీలు లేనిచో 'స్ప్లిట్' అను పనిముట్టుతో మూటను తునుకలుగా నఱికి, పిదప వరుసగా కలుపుకొనవచ్చును.

నాలుగవది మన తెలుగువారికి ప్రత్యేకమైనది. ఎక్స్‌ట్4 పద్ధతిలో ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. ఇంగ్లీషు అక్షరమున కొక బైటు చాలును. తెలుగున నొక్కొక్క గుఱుతునకు మూడు బైట్లు పట్టును. గుణింతపు గుఱుతులు, పొల్లులు వేఱుగా లెక్కకు వచ్చును. కావున 85 గుఱుతులకు మించిన తెలుగు పేరు లినక్సు అఱలో పట్టదు. విండోసునందు 255 గుఱుతుల వఱకు పట్టును గనుక, అక్కడ పద్యపాదమంత పొడవు పేర్లు పెట్టుకొన్నవారు, ఇక్కడ మూట విప్పునప్పుడు చిక్కుపడుదురు. పేర్లను ముందుగానే పొట్టిచేయుడు.

ఏవి కట్టవలయును

విండోసు అఱనుండి 'యూజర్స్' అను ఫోల్డరులో మీ పేరిట నున్న పత్రములు, చిత్రములు, పాటలు తీసికొనుడు. ఇవి మఱల దొరకని వస్తువులు. టార్ వీనిని చక్కగా కాపాడును.

లినక్సు అఱనుండి 'హోమ్' ఫోల్డరు ముఖ్యము. వ్యవస్థ నంతయు కట్టదలచినచో కొన్నింటిని విడువవలయును. ప్రాక్, సిస్, డెవ్, రన్ అను ఫోల్డర్లు అద్దములోని ప్రతిబింబములవంటివి. యంత్రము నడచుచున్నంతవఱకే యుండును. 'ఒకే ఫైలు వ్యవస్థ' యను నర్థము గల యాజ్ఞను టార్‌కు చేర్చినచో అది గోడ దాటి పోక ఆ యఱలోని వస్తువులనే కట్టును. అది లేనిచో లినక్సు మూటలోనికి విండోసు అఱయు, బయటి డిస్కులోని వస్తువులును చొఱబడవచ్చును. ఐతే, మీ 'హోమ్' వేఱే యఱలో నున్నచో ఈ యాజ్ఞచే నదియు విడువబడును. ఈఎఫ్‌ఐ అఱయు నంతే. వానికి వేఱుగా మూటలు కట్టవలయును.

వ్యవస్థ నడచుచుండగా దానినే కట్టుట, వండుచుండగా వంటయిల్లు సర్దుటవంటిది. చదువుచుండగా ఫైలు మాఱినదని టార్ ఫిర్యాదు చేయును. పెన్‌డ్రైవునుండి వేఱొక లినక్సును నడిపి, ఆ రెండు కాపురములును నిద్రించుచుండగా కట్టుట ఉత్తమము.

టార్ చేయలేని పనులు

విండోసు వ్యవస్థను టార్‌తో కట్టి, మఱల విప్పి నడిపింపవచ్చునని తలపకుడు. లినక్సునుండి కట్టిన టార్ మూటలో, విండోసు తన ఫైళ్లకు పెట్టుకొన్న హక్కుల పట్టికలు సరిగా నిలువవు. పత్రములకు బాధలేదు గాని వ్యవస్థ మేల్కొనదు. దానికై ఎన్‌టీఎఫ్‌ఎస్‌క్లోన్ అను పనిముట్టు గలదు. అది ఆ యఱలో నిండియున్న చోట్లను మాత్రమే యున్నవి యున్నట్లు ప్రతిబింబముగా తీయును.

'డీడీ' యను మఱియొక పనిముట్టు డిస్కును మొదటి బైటు నుండి తుదిబైటు వఱకు ఖాళీలతో సహా దింపును. ఐదువందల గిగాబైట్ల డిస్కున కంతే చోటు కావలయును. అందు 'ఐఎఫ్' అనునది చదువవలసిన చోటు, 'ఓఎఫ్' అనునది వ్రాయవలసిన చోటు. ఈ రెండు మాటలు తాఱుమాఱైనచో నిండిన డిస్కుమీద ఖాళీ డిస్కు వ్రాయబడును. అది మఱల రాదు. క్రొత్తగా నేర్చుకొనువారు దీని జోలికి పోకుండుటయే మంచిదని నా మనవి.

మఱియొక చిన్న పని మఱవకుడు. అఱల గోడలు ఎక్కడెక్కడ నున్నవో తెలుపు పట్టికను ఎస్‌ఎఫ్‌డిస్కు అను పనిముట్టు చిన్న వ్రాతఫైలుగా నిచ్చును. దానిని మూటల ప్రక్కన నుంచుడు. ఇల్లు కూలినప్పుడు గోడలు మఱల లేపుటకు అదియే ఆధారము. గోడలు లేపిన తరువాత, లినక్సు మూటను సర్వాధికారి హోదాలో 'ఎక్స్', 'పి' అను నక్షరములతో విప్పినచో వస్తువులు తమ హక్కులతో తిరిగివచ్చును. క్రొత్తగా సిద్ధపఱచిన అఱలకు క్రొత్త గుర్తింపు సంఖ్యలు వచ్చును గనుక వానిని 'ఎఫ్‌స్టాబ్' అను ఫైలులో దిద్ది, ద్వారపాలకుడగు గ్రబ్‌ను మఱల నిలుపవలయును.

విప్పి చూచుట

సోదరీమణులారా, పైదంతయు చేసినను పని సగమే యైనది. నేను చేయక విడిచినది తక్కిన సగము.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర (1798–1884) కడపలో పండితులను నియమించి తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించిన సంగతి మీరెఱుగుదురు. ఆయన ప్రతి వ్రాయించి యూరకుండలేదు. ఒకే గ్రంథమునకు పలు తాళపత్ర ప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి సరిపోల్పించెను. వ్రాయుటకెంత శ్రమయో, పోల్చుట కంత శ్రమ. పోల్చని ప్రతిలో నేది జాఱినదో యెవ్వరెఱుగుదురు? మన మూటకును పోల్చుట మూడు మెట్లు.

మొదటి మెట్టు: 'సి' కి బదులు 'టి' అను నక్షరము పెట్టినచో టార్ మూటను విప్పకయే లోని పేర్ల పట్టికను మొదటినుండి తుదివఱకు చదివి చూపును. మూట తెగియున్నచో, అనుకొనని చోట ఫైలు ముగిసినదని అక్కడనే తెలియును. నేను ఆ యుదయమున ఈ యొక్క యక్షరము వ్రాసియున్నచో, ఆ మూడు పర్వములును నేడు నా యొద్ద నుండెడివి.

రెండవ మెట్టు: 'డి' యను నక్షరము పెట్టి, ఏ చోటనుండి కట్టితిరో ఆ చోటనే నిలిచి ఆజ్ఞ యిచ్చినచో, మూటలోని ప్రతి ఫైలును డిస్కుమీది ఫైలుతో పోల్చి, భేదమున్నవానిని మాత్రమే చెప్పును. ఏమియు చెప్పకున్నచో అంతయు సరియే.

మూడవ మెట్టు: వేఱొక యంత్రములోనో, ఖాళీ ఫోల్డరులోనో మూటను నిజముగా విప్పి, మొదటి ఫైలును, నడిమి ఫైలును, తప్పక తుది ఫైలును తెఱచి చూడుడు. పాట యైనచో వినుడు, చిత్రమైనచో చూడుడు, మార్కుల పట్టికయైనచో తుది విద్యార్థి మార్కులను చదువుడు. చెడిన మూటలు తఱచుగా తుదనే తెగును.

ఇవి ముగిసిన పిమ్మట 'షా256సమ్' అను పనిముట్టుచే మూటకు ముద్ర వేయించుడు. అది అఱువదినాలుగు గుఱుతుల వరుసను చూపును. దానిని కాగితముమీద నకలు చేసికొని యుంచుడు. సంవత్సరము తరువాత మఱల ముద్ర తీయగా అదియే వచ్చినచో, మూటలో ఒక్క బైటైనను మాఱలేదని నమ్మవచ్చును.

ఎక్కడ నుంచవలయును

ఛాయాచిత్రకారుడగు పీటర్ క్రోగ్ ప్రచారమునకు తెచ్చిన నియమ మొకటి గలదు: మూడు ప్రతులు, రెండు విధములగు వస్తువులమీద, అందొకటి వేఱే చోట. దీనిని మన యిండ్లకు సులభముగా నన్వయించుకొనవచ్చును. కంప్యూటరులోనిది యొకటి, బీరువాలోని డిస్కులోనిది యొకటి, పుట్టింటనో, అక్కగారి యింటనో ఉంచిన పెన్‌డ్రైవులోనిది యొకటి. ఇంటికి నిప్పంటుకొన్నను, వఱద వచ్చినను, దొంగలు పడినను మూడవది మిగులును. ఐతే టార్ మూటకు తాళము లేదు. చేతికి చిక్కినవారెల్ల విప్పగలరు. పిల్లల మార్కులు, బ్యాంకు కాగితములు అందున్నచో జీపీజీ యను పనిముట్టుతో రహస్యపదము పెట్టి మూసి పంపుడు. ఆ పదమును మాత్రము మూట వెంట పంపకుడు.

ప్రతి నెలయు సరకుల పట్టిక వ్రాసికొను దినముననే మూట కట్టు పనిని పెట్టుకొంటిని. మా వారు మొదట, "ఇంత పట్టుదల యేల?" అని నవ్విరి. వార్షిక పరీక్షల సమయమున నొక తరగతి మార్కుల ఫైలు చెడగా, ముందటి నెల మూటనుండి తీసి యిచ్చితిని. ఆనాటినుండి నెల తుదిని వారే డిస్కు తెచ్చి నా ముందుంచుచున్నారు.

నాకు మిగిలిన పదునైదు పర్వములును, తెగిన యొకటియు నిప్పుడు మూడు చోట్ల నున్నవి. తక్కిన రెండు పర్వముల కథను, నాయనగారు చెప్పిన పద్ధతిలో నాకు గుఱుతున్నంతవఱకు, నా గొంతుతోనే రికార్డు చేసి చేర్చితిని. అది వారి గొంతు కాదు. ఐనను మా పిల్లలు కథను నడుమ విడువక తుదివఱకు విందురు గదా యని యంత మాత్రమున నూరడిల్లితిని.

మీలో ననేకులు ఇదివఱకే మూటలు కట్టి, బీరువాలో నుంచి, నిశ్చింతగా నుండియుందురు. నేనును అట్లే యుంటిని. ఈ పుట ముగించిన పిమ్మట వానిలో నొకదానిని తీసి, 'టి' యను నక్షరముతో తుదివఱకు చదివి చూడుడు. క్షేమముగా నున్నచో సంతోషము. తెగియున్నచో మఱింత సంతోషము. ఏలయన అసలు వస్తువులు మీ డిస్కులో నుండగానే మీకు తెలిసినది. ఆ అదృష్టము నాకు లేకపోయినది.

వచ్చు మాసమున పాత ఫోటోలకు పేర్లు, తేదీలు పెట్టుకొను పద్ధతిని ముచ్చటించుకొందము.